నిలబెట్టిన సీసా

వదినా,

అత్తయ్యకి చెప్పకుండా రాస్తున్నాను. మొన్న మీ తమ్ముడు మా ఇద్దరినీ సముద్రానికి తీసుకెళ్ళారు. అత్తయ్య మోకాళ్ళదాకా నీళ్ళలో దిగి చిన్నపిల్లలా కేరింతలు కొట్టారు. అక్కడి పాత ఊళ్ళో కొండమీది కోటకి రాళ్ళ వీధులు ఎక్కుతూ మాత్రం ఆ కోట కట్టినవాణ్ణి తిట్టిపోశారు.

అక్కడ వైన్ చేసే పెద్దాయన, రుచి చూశాక ఉమ్మేయడానికి గిన్నె కూడా పెట్టాడు. "పోసింది ఉమ్మేస్తే పాపం ఏమనుకుంటాడే!" అంటూ అత్తయ్య మర్యాదగా ప్రతి గుక్కా మింగేశారు. మీ తమ్ముడి మొహం చూసి తీరాలి!

ఆ పెద్దాయన ఒక సీసా చూపించి, "ఇప్పుడిది ఒగరమ్మా. పడుకోబెట్టి నాలుగేళ్ళు వదిలేస్తే అదే మెత్తబడుతుంది" అన్నాడు.

అత్తయ్య నవ్వు ఆగిపోయింది. "అలాగే అనుకుని మా అమ్మాయితో నాలుగేళ్ళు మాట్లాడలేదు నాయనా. ఇంక ఆగలేను. ఇప్పుడే తాగేది ఇవ్వు" అన్నారు.

మీకు ఫోన్ చేయడానికి ఆవిడకి మొహం చెల్లడం లేదు. మీరే వచ్చేయండి వదినా. అలా కొన్న సీసా వంటింటి అలమరలో నిలబెట్టి ఉంది. పడుకోబెట్టబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, "ఎందుకే? మీ వదిన వచ్చేస్తుందిగా!" అన్నారు.

మీ మరదలు