నార్మల్ ట్యూబులో నా రక్తం

అబూ హలీఫా, ఆదివారం రాత్రి

ఈరోజు ల్యాబుకు సీడీ4 యాంటీబాడీ కొత్త సీసా వచ్చింది. రోగంతో పోరాడే కణాల మీది గుర్తును పట్టి చూపేది అదే. హెచ్‌ఐవీ పేషెంట్లకు వాడేముందు ఆరోగ్యవంతుల రక్తంతో సరిచూడాలి. ఎప్పటిలాగే నా రక్తమే తీసి, ట్యూబు మీద 'నార్మల్' అని రాశాను.

కణాలు చాలా తక్కువ కనిపించాయి. సీసాను ఎండలో పెట్టి పాడుచేశాడని, అది తెచ్చిన డ్రైవర్‌ను తిట్టుకున్నాను. పొద్దున పేషెంట్లందరికీ బాగా పనిచేసిన పాత సీసాతో మళ్లీ చేశాను. అంతే తక్కువ.

సీనియర్ ఖాదరన్న రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టాడు.

"రెండూ ఒకటే చెప్తాండాయి కదప్పా, కొత్త సీసా బాగుండాది. ఖలాస్, సంతకం పెట్టు."

రక్తం ఎవరిదని అడగలేదు. నేనూ చెప్పలేదు. సంతకం పెట్టాను.

రెండు నెలలుగా ఈ దగ్గు ఏసీ వల్లే అనుకుంటున్నాను. రేపు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వెళ్తే నా ఇఖామా ఏమవుతుందో, రోగం బయటపడితే ఈ దేశంలో ఉండే ఆ పర్మిట్ రద్దు చేసి ఇంటికి పంపేస్తారు. వెళ్లకపోతే...

వచ్చేముందు ట్యూబు మీది లేబుల్ పీకేశాను. కొత్తది అంటించి, మళ్లీ 'నార్మల్' అని రాయబోయి ఆగాను. చివరికి నా పేరు రాశాను.