మేకు

మార్చి 3
కొత్త ఫోటో వచ్చేసింది! అంతరిక్షంలోని ఎక్స్‌రే టెలిస్కోప్ మా నక్షత్రాన్ని మళ్లీ తీసింది. నక్షత్రమంటే నక్షత్రం కాదు, ఎప్పుడో పేలిపోయిన దాని శిథిలం. ఇంకా వ్యాపిస్తూనే ఉన్న వేడి వాయువుల బుడగ. అత్తయ్య లాప్‌టాప్‌లోకి తొంగి చూసి, చచ్చిన నక్షత్రం మీదున్న శ్రద్ధలో సగం బతికున్న మొగుడి మీద పెట్టవే అన్నారు. మా ఆయన వినపడనట్టు టీవీ సౌండ్ పెంచారు.

మార్చి 5
చెప్పుకుంటే మా పని చిన్నదే. పాత ఫోటో మీద కొత్తది పెట్టి, బుడగ అంచులు ఎంత జరిగాయో కొలవడం. రెండూ సరిగ్గా కూర్చోవాలంటే కదలని చుక్కలు కావాలి. చాలా దూరంలో ఉండేవి. వాటిల్లో బాగా మెరిసేదాన్ని, నేను ల్యాబ్‌కి రాకముందే, మా ల్యాబ్ నడిపే మాస్టారు ఎంచిపెట్టారు. మేం దాన్ని ‘మేకు’ అంటాం. ముందు ఫోటోని మేకుకి తగిలించండి, మిగతావి తర్వాత చూసుకోండి అనేవారు. అందరం అదే చేశాం, మిగతావి ఎవరం చూసుకోలేదు. ఆ కొలతలతోనే ఆయన పడమటి అంచు ఎక్కువ వేగంతో పోతోందని, ఆ పేలుడు పడమటికి మొగ్గిందని తేల్చారు. ఆయనకి పేరొచ్చింది ఆ పేపర్‌తోనే. ఈ నెలాఖరుకి రిటైర్మెంట్. వీడ్కోలు లెక్చర్ దాని మీదే. కొత్త కొలతలు నన్ను ఇమ్మన్నారు.

మార్చి 7
మేకుకి తగిలిస్తే మిగతా చుక్కలు కుదిరి చావడం లేదు. అన్నీ పడమటికి జరిగాయి. పొద్దంతా సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

మార్చి 8
మేకుని తీసేసి చూశాను. మిగతావన్నీ ఠక్కున కుదిరాయి.
కదులుతున్నది మేకే.

మార్చి 8, సాయంత్రం
 అది దూరపు చుక్క కాదు. పేలిన నక్షత్రం తాలూకు గుండెకాయ, పేలాక మిగిలిన ముద్ద. బుడగ నడిమి నుంచి తూర్పుకి పరిగెడుతోంది. మేం దాన్ని బలవంతంగా నిలబెట్టేసరికి మిగతా ఆకాశమంతా పడమటికి జరిగినట్టు కనిపించింది. సరిచేస్తే రెండంచులదీ ఒకే వేగం. మాస్టారి పేపర్ గంగలో కలిసినట్టే. నన్ను కన్నకూతురిలా చూసుకున్న మనిషి. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మార్చి 10
చెప్పలేదు. మాస్టారు టీ ఇప్పించారు. తాగి వచ్చేశాను.

మార్చి 11
కంచంలో ఏమిటా కెలకడం అన్నారు అత్తయ్య. ఆపుకోలేక అంతా చెప్పేశాను. అంతమందిలో మాట్లాడేశాక తప్పని తేలితే ఆయన తలెక్కడ పెట్టుకుంటాడు, రేపే పోయి చెప్పు అన్నారు. నిజమే కదా.

మార్చి 12
చెప్పాను. ముందు నవ్వారు. ఫోటోలు చూశాక నవ్వు ఆగిపోయింది. ఎవరు నిన్ను దాని జోలికి వెళ్లమన్నారని అరిచారు. రిటైరై పోయే ముందు నా నోట్లో మట్టి కొట్టావన్నారు. బయటికి పొమ్మన్నారు. కారిడార్‌లో గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఒళ్లు మండిపోయింది కూడా. మేకుని అక్కడ పెట్టింది నేనా?

మార్చి 15
ఆయన గది తలుపు మూసే ఉంది. లోపలే ఉన్నారట.

మార్చి 17
మాస్టారి ఫోన్. హలో కూడా లేదు. ఎటు పరిగెడుతోందని అడిగారు. తూర్పుకన్నాను. కచ్చితంగానా అన్నారు. కచ్చితంగానే అన్నాను. మరి దాన్ని తూర్పుకి తోసిందెవరమ్మా అన్నారు.
అప్పుడు వెలిగింది నా మట్టి బుర్రకి. తుపాకీ పేలితే వెనక్కి తన్నదూ! పేలుడు ఎక్కువ సరుకుని పడమటికి విసిరింది కాబట్టే గుండెకాయ తూర్పుకి పడింది. మాస్టారన్నది నిజమే. పేలుడు పడమటికే మొగ్గింది. కాకపోతే రుజువు అంచుల్లో లేదు. మేం కదలదనుకున్న చుక్కలో ఉంది. పేపర్ మాత్రం తప్పు తప్పే, అది ఆయనే అన్నారు. గొంతు బొంగురుపోయింది. ఏడుస్తున్నారా అని అడిగేశాను. జలుబట.

మార్చి 31
లెక్చర్ అయింది. పాత పేపర్ వెనక్కి తీసుకుంటున్నానని మొదటి మాటలోనే చెప్పేశారు. చప్పట్లు కొట్టాలో మానాలో హాల్లో ఎవరికీ తెలియలేదు. నేను కొట్టాను. ఒక్కదాన్నే. చాలాసేపు.