పూజ లేదని నేను రాసిన రాయి

చెన్నపట్నం,
మంగళవారం

పూజ్యురాలైన సీతక్కకు తమ్ముడు కోటయ్య నమస్కరించి రాసుకునేది. నేనిక్కడ క్షేమం. నువ్వు, బావగారు ఎట్లా ఉన్నారు? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నా ఒంటికేం లోటు లేదు. రేషను బియ్యం కంపు, ఉక్కపోత సరేసరి. జొన్నరొట్టె, గోంగూర తిని ఎన్నాళ్ళయిందో. అయినా బాగానే ఉన్నాను, బెంగపడకండి.

బావగారు నన్ను రాళ్ళ గుమాస్తా అని ఎగతాళి చేసేవారు గదా, నిజంగా అదే పని. మ్యూజియానికి వచ్చిన ప్రతి రాతికీ నంబరు వేసి, ఏ ఊరిదో రిజిస్టరులో ఎక్కించాలి. మన చేనిగట్టు మీద అమ్మ ‘తాత’ అని మొక్కే వీరుడి రాతికీ నేనే తెల్లరంగుతో నంబరు వేశాను.

అది ఇక్కడికి ఎట్లా వచ్చిందని అడిగావు. దాచను. నాన్న పోయిన నాలుగో రోజున మా మ్యూజియం దొర మన ఊరి రాళ్ళు చూడవచ్చాడు. కొత్త ఉద్యోగం గనక మైలలో ఉండి కూడా ఆయన వెంట వెళ్ళాను. పూజలో ఉన్న రాతిని కదపకూడదని వాళ్ళ నియమం. ప్రతి రాతికీ నేను నింపాల్సిన కాయితంలో ‘పూజ జరుగుతున్నదా’ అని ఒక గడి ఉంది. తాతను మనింటివాళ్ళు తప్ప ఎవరూ ముట్టుకోరు, మనకేమో మైల. పసుపు లేదు, దీపం లేదు. ఉన్నది ఉన్నట్టు రాయాలన్న భయంతో ‘లేదు’ అని రాశాను. పెద్దదినం అయ్యాక మళ్ళీ దీపం పెడతామని చెప్పాలని తోచలేదక్కా. నా బుద్ధి గడ్డి తిన్నది.

“సొంత కొడుకే బండెక్కించాడు గదే” అని అమ్మ నీతో అన్న మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

పోయిన వారం తెగించి అర్జీ పెట్టాను. ఆనాడు తప్పు రాశాను, తరతరాలుగా పూజ ఉంది, తిరిగి పంపించండి అని. దొర రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టాడు. “ఒకసారి అబద్ధం రాసినవాడివి, ఇప్పుడు రాసింది నిజమని ఎట్లా నమ్మేది?” అన్నాడు. తాత ఇక్కడే ఉంటాడట. నన్ను మాత్రం నెలాఖరుకు పంపించేస్తున్నారు.

ఉద్యోగం పోయిందని ఏడవటం లేదు. ఒట్టి చేతులతో అమ్మ ముందు ఎట్లా నిలబడాలా అని ఏడుస్తున్నాను. నడికుడిలో రైలు దిగుతాను. ఇంటికి రానిస్తుందో లేదో అడిగి ఒక కార్డు ముక్క వెయ్యి. వద్దంటే పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో ఏదో పని చూసుకుంటాను.

బావగారికి, పెద్దలందరికీ నా నమస్కారాలు. నా బదులు అమ్మ కాళ్ళకు నువ్వే దణ్ణం పెట్టు. నా పేరు చెబితే కాళ్ళు వెనక్కి తీసుకుంటుందేమో. ముందు పెట్టి, ఆ తర్వాత చెప్పు.

నీ దీవెన కోరే తమ్ముడు,
కోటయ్య