గొర్రెపిల్ల ఎవరింటిది

ఏప్రిల్ 21, 1823. ఈస్టర్ ముందు శనివారం.

కనుమకు చేరాం. డెబ్బై రెండు తుపాకులు. సుల్తాను తరఫున మా మీదికి వస్తున్న సేనాని బేయ్ దగ్గర రెండు వేల మంది ఉన్నారట. ఉండనీ. ఈ కనుమలో పక్కపక్కన నలుగురి కంటే ఎక్కువ మంది నడవలేరు, ఆ నలుగురినీ నేను చూసుకుంటాను. నాకు కావలసింది ఐదారు రోజులు. ఆలోగా కింది ఊరి ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు ఏరు దాటి అవతలి కొండకు చేరిపోవాలి. మా అమ్మ కూడా ఆ ఊళ్లోనే ఉంది. ఆమెను కదిలించడం బేయ్‌ని ఆపడం కంటే కష్టం.

నలభై ఎనిమిది రోజుల ఉపవాసంతో అందరి కళ్లూ లోపలికి పోయాయి. మాంసం లేకుండా ఈస్టర్ చేయిస్తే ఈ యోటిస్‌ను, నన్ను, కెప్టెన్ అని ఎవడంటాడు? పక్క లోయలో భూస్వామి ఆగా ఉన్నాడు, బేయ్ మనిషి. అతని గొర్రెల దొడ్డి మీదికి తమ్ముడు జిసిస్‌ను పంపాను.

ఏప్రిల్ 22. ఈస్టర్.

జిసిస్ ఆరు గొర్రెపిల్లల్ని తెచ్చాడు. లేత మాంసం, మేలైన మేత. ఆగా మంచి కాపరే.

తిన్నాక స్టెర్యోస్ గొర్రెపిల్ల భుజం ఎముకను శుభ్రంగా గీకి, తుడిచి, ఎండకు పట్టి జోస్యం చదివాడు. నాకేమీ చుట్టం కాడు గానీ దండులో అందరికీ బాబాయే. ఎముకలో గొయ్యి కనిపిస్తోందన్నాడు. వారం తిరక్కుండా తవ్వబోయే గొయ్యి.

సాయంత్రానికి సగం మంది మూటలు కట్టుకున్నారు. ఫిరంగికి బెదరనివాళ్లు ఎముకకు బెదిరారు. నాకు ఒళ్లు మండింది. రాయెక్కి అడిగాను.

"ఎముక ఎవరింటి కథ చెబుతుంది బాబాయ్? తిన్నవాడిదా, మేపినవాడిదా?"

మేపినవాడిదేనని బాబాయ్ ఒప్పుకున్నాడు. మా వైపు పాలు తాగే పిల్లకూ తెలిసిన సంగతి అది.

"మరి మేపింది ఆగా. గొయ్యి వాళ్లింట్లో తవ్వుకుంటారు. మధ్యలో మీకెందుకురా ఏడుపు?"

ముందు ఒకడు నవ్వాడు, తర్వాత అందరూ. మూటలు విప్పేశారు. గాలిలోకి తుపాకులు పేల్చారు. మందు దండగ అని తిట్టాను గానీ లోపల గర్వంగానే ఉంది. జిసిస్ ఒక్కడే నవ్వలేదు. తిన్నది అరగలేదేమో అనుకున్నాను.

ఏప్రిల్ 24.

బేయ్ వచ్చాడు. మూడుసార్లు ఎక్కారు, మూడుసార్లు దిగారు. మావాళ్లు ఆగా గొయ్యి మీద పాట కట్టి రాళ్ల చాటు నుంచి అరిచి మరీ పాడుతున్నారు. ఇద్దరికి గాయాలు. అంతే.

ఏప్రిల్ 25, ఉదయం.

ఊరి నుంచి రొట్టె వచ్చింది. మోసుకొచ్చినావిడ అమ్మ మాట కూడా మోసుకొచ్చింది. అమ్మ ఇంకా ఏరు దాటలేదట. ఈస్టర్ ముందు దొడ్లో గొర్రెపిల్లలు పోయాయట, దొంగ దొరికేదాకా గడప దిగదట. వాడి చేతులు పడిపోను, వాడి మీసం రాలిపోను అంటూ రాస్తే అరపేజీ అయ్యేన్ని శాపనార్థాలు. కెప్టెన్‌నై ఉండి నేనే వాణ్ణి పట్టి చెవులు కోయాలట.

ఎన్ని పోయాయని అడిగాను. ఆరు.

ఏప్రిల్ 25, మధ్యాహ్నం.

జిసిస్‌ను పక్కకు పిలిచి అడిగాను. సిగ్గు లేకుండా ఒప్పుకున్నాడు. ఆగా కుక్కల్ని వదిలేశాడట. వెనక్కి వచ్చే దారిలో మా దొడ్డి కనిపించిందట, మా కుక్కలు తోకాడించాయట.

"చెప్పి చావొచ్చుగా?"

"చెబుదామనే అనుకున్నా అన్నా. నువ్వేమో రాయెక్కేశావు. రాయెక్కాక నువ్వు ఎవడి మాట విన్నావు గనక?"

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వుతుండగానే తట్టింది, ఆ పిల్లల్ని మేపింది మా అమ్మ. ఎముక నిజమైతే గొయ్యి మా ఇంటిది. ఇంకెవరిది, నాదే. బేయ్ దండులో ప్రతి తుపాకీ నా కోసమే వెతుకుతోంది. భయం వేయలేదని రాస్తే అబద్ధం. కాసేపు వేసింది. తర్వాత ఒళ్లు తేలికపడింది. ముప్పై ఎనిమిదేళ్లు బాగానే బతికాను.

మావాళ్లకు చెప్పొద్దన్నాను. చెబితే రేపటికి కనుమలో నేనూ రాళ్లూ మిగులుతాం. అమ్మనూ మిగతావాళ్లనూ ఏరు దాటించే పని జిసిస్‌కు అప్పగించాను. ఇక్కడుంటే నాకు అడ్డుపడి వాడు చస్తాడు. వెళ్లనని పోట్లాడాడు. ఇది అన్న మాట కాదు, కెప్టెన్ ఆర్డర్ అన్నాను. మొహం ముడుచుకుని వెళ్లాడు.

ఏప్రిల్ 26.

పొద్దుటి నుంచి అందరికంటే ముందు నిలబడ్డాను. ఒక గుండు టోపీ ఎత్తుకుపోయింది. ఇంకోటి చొక్కా చేయి చింపింది. బాబాయ్ నన్ను కాలు పట్టుకుని వెనక్కి లాగి, పిచ్చా నీకు అని తిట్టాడు. చస్తానని తెలిస్తే ఇంత హాయిగా పోరాడొచ్చని ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు.

ఏప్రిల్ 27.

బేయ్ గుడారాలు పీకి వెనుదిరిగాడు! ఒక్క మనిషి కూడా పోలేదు మాకు. నేనూ ఉన్నాను, నిక్షేపంలా. ఎముక అబద్ధమాడింది. బాబాయ్ మాత్రం ఆగా ఇంటి నుంచి చావు కబురు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

రేపు ఏటి అవతలికి వెళ్తాను. దొంగ పేరు అమ్మకు చెప్పేస్తానని జిసిస్‌ను బెదిరించాలి.

ఏప్రిల్ 28.

ఊరంతా దాటింది. అమ్మ కూడా.

మంచు కరిగి ఏరు ఛాతీ దాకా పారుతోందట. జిసిస్ తాడు పట్టుకుని పిల్లల్ని భుజాన వేసుకుని నిన్నంతా అటూ ఇటూ తిరిగాడట. ఇంకెవరూ మిగల్లేదు కదా అని చూసి రావడానికి చివరిసారి వెళ్లాడట. తిరిగి వస్తుంటే కాలు జారింది. మేం కనుమలో టోపీలు ఎగరేస్తున్న వేళకు వాణ్ణి దిగువన నీటిమిల్లు దగ్గర ఒడ్డుకు లాగారు. ఒంటి మీద ఒక్క గాయం లేదు.

ఆ పనికి వాణ్ణి పంపింది నేను. క్షేమంగా ఉంటాడని పంపాను.

అమ్మ వాడి మీసంలోని తడి తుడుస్తూ కూర్చుంది. గొయ్యి నేనెవరినీ తవ్వనివ్వలేదు. నేనే తవ్వాను.

ఏప్రిల్ 29.

ఎముక అబద్ధమాడలేదు. ఇల్లంటే నేనే అనుకున్నాను.