తొలిచుక్క పోసే ఉద్యోగం

బెంగళూరు,
ఆదివారం.

అన్నకు తమ్ముడు నాగేంద్ర నమస్కరించి రాసేది.

ఒంట్లో బాగానే ఉంది, తిండికి లోటు లేదు. ఈ మాట మొదట అమ్మకు చదివి వినిపించు. మిగతాది నువ్వొక్కడివే చదువుకో. అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి? పులివెందులలోని పుట్టింటికి పోయిన వదిన తిరిగొచ్చిందా? గొర్రెలకు సూదులు వేయించావా?

ఇక కోపం సంగతి. రోడ్డు పక్క మన కొట్టాన్ని బెల్టు షాపుకు ఇస్తానన్నావు. వద్దంటే ఫోన్లో ఏమన్నావు? “నువ్వు ఆడ బీరు పోస్తాండావు, నేను ఈడ కొట్టమిస్తే తప్పొచ్చిందా? పెద్ద చెప్పొచ్చినావులే!” అని పెట్టేశావు. ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు మళ్లీ పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

హోటల్లో సర్వరు పని అని చెప్పే నన్ను పిలిపించారు. తీరా చూస్తే బీరు అక్కడే కాచి అక్కడే పోసే చోటు. అద్దాల వెనక మనిషికి రెండింతల ఎత్తు స్టీలు ట్యాంకులు. నేను తాగనన్నాను. మేనేజరు చిత్తూరు వైపు మనిషి. “రుచి తెలీకుండా గిరాకీకి ఏం చెప్తావప్పా? మింగొద్దులే, పుక్కిలించి ఉమ్ము” అన్నాడు. బీరు కాచే చోట్లు ఇంకో రెండు కూడా తిప్పి చూపించాడు. గోధుమ బీరుది మాగిన అరటిపండు వాసన. నల్లది మాడిన కాఫీ. ఇంకొకటి వేపాకు నమిలినట్టే ఉంది, జనం దాన్నే ఎక్కువ పొగుడుతారు. మన పల్లెలో తాగితే తాగుబోతు, ఇక్కడ తాగితే రుచి తెలిసిన మనిషి! గింజలు ఉడికే వాసన ఒక్కటే బాగుంటుంది, అబద్ధమెందుకు.

చివరికి జొన్న బీరు ఇచ్చారు. పులిసిన సంగటి మీది తేటలా ఉంది. నోట్లో పోసుకునే ముందు నా వేళ్లు వాటంతటవే గ్లాసులో మునిగి, తొలిచుక్క నేల మీద చిలకరించాయి. నాయన మందు తాగేముందు గంగమ్మకని చేసేవాడే, అదే. దేవుడు లేడని ప్రొద్దుటూరు బస్టాండులో కరపత్రాలు పంచిన చెయ్యి, అన్నా! తిడతాడనుకుంటే మేనేజరు చప్పట్లు కొట్టాడు.

“అదిరింది! ఏందప్పా ఇది?”

“మా నాయన చేసేవాడు సార్.”

“ఇంక ప్రతి టేబుల్ కాడా ఇట్నే చెయ్. భుజాన కంబళి ఏసుకో. మీ జమ్మలమడుగు జొన్నలేనని చెప్పు.”

“మా ఊరివి కాదు కద సార్.”

“వాళ్లేమన్నా నీ చేను చూడొస్తారా?”

చేశాను. వారాల తరబడి చేశాను. గొర్రెల వెంట నాయన వానలో కప్పుకున్నటువంటి కంబళిని ఏసీలో నేను కప్పుకుని, పళ్లెంలో పోసిన ఇసుక మీద చుక్క వదిలేవాణ్ని. తాగడానికొచ్చినవాళ్లు సెల్లులో వీడియో పట్టుకునేవాళ్లు. “సరిగా రాలేదు, ఇంకోసారి చెయ్యి” అంటే మళ్లీ చేసేవాణ్ని. నాయన నేలకిచ్చింది ఆ ఒక్క చుక్కే. మిగతా సీసాలన్నీ తన కడుపులోనే పోసుకుని, దాంతోనే పోయాడు. పాడె మోసింది మనమిద్దరమే. అట్లాంటి మనిషిని నేను టేబుల్ టేబుల్‌కూ అమ్మాను.

కాబట్టి నువ్వన్నది నిజం. ఆ కంబళి భుజాన ఉన్నంతసేపు నీకు చెప్పే హక్కు నాకు లేదు. నిన్న పొద్దున దాన్ని మడిచి మేనేజరు బల్ల మీద పెట్టాను.

“యాడికి పోతావురా? పని ఎవడిస్తాడు నీకు?”

“యాడన్నా చేసుకుంటా సార్. మా అన్నతో ఒక మాట కొట్లాడాల, దీన్ని కప్పుకుని కొట్లాడలేను.”

దిగులు పడొద్దు. ఎర్రగుంట్ల ఖాదర్ మామ తన గదిలో చోటిచ్చాడు, రేపటి నుంచి సెంట్రింగ్ పనికి రమ్మన్నాడు. పని మారిందని అమ్మకు నేనే చెబుతాను.

ఇప్పుడు చెబుతున్నాను, విను: కొట్టం ఇవ్వొద్దు. ఇస్తే వాకిట్లో అడ్డంగా పడుకునేది ముందు నేనే, తమ్ముణ్నని చూడకుండా ఈడ్చెయ్యి. నా చేతిలో గ్లాసు లేదు. ఇంకేం సాకు చెబుతావో రాయి.

అమ్మ పాదాలకు, వదినకు నా దండాలు.

నీ మీద మండిపడుతూనే నీ దీవెన అడిగే
తమ్ముడు
నాగేంద్ర