శుక్రవారం లైనుకు అడ్డుపడ్డవాడు

కామారెడ్డి,
21-11-1999, ఆదివారం.

ప్రభువు నాకు తోడుగా ఇచ్చిన సాలవ్వకు, నీ పెనిమిటి స్వామిదాసు యేసు నామంలో చెప్పే వందనాలు. ఇక్కడ నేను, పిల్లలు గిద్యోను, ఎస్తేరు ఆయన కృప నీడన చల్లగా ఉన్నాం. డోంగ్లిలో నువ్వు, పెద్దమ్మాయి, పుట్టిన పాప కూడా అట్లాగే ఉన్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరంలో చివర్న అడిగినదానికే మొదట జవాబు. ఎస్తేరు ఉంగరం తొడుక్కుంది. మొన్న శుక్రవారం, నా కళ్ళముందే. ఇక నువ్వు కడుపునిండా అన్నం తిను.

ఎల్లారెడ్డిలో మన మేకలకు దుర్గవ్వ గడ్డి వేస్తోంది. నా దగ్గు తగ్గింది, బీర్కూర్ కూడికలో పొద్దు వాలేదాకా వాక్యం చెప్పినా గొంతు పట్టలేదు. పాపకు పేరు నేనే పెట్టాలన్నావు, ఆలోచించాను, కింద రాస్తాను. గిద్యోను ఆ డబ్బా పిచ్చి వదిలాడా అని అడిగావు. వదల్లేదు, దేవునికి స్తోత్రం. మన పిల్ల కాపురాన్ని నిలబెట్టింది ఆ డబ్బాయే.

ఆ రోజు ఎస్తేరు ఏడవడం చూస్తూనే పెద్దమ్మాయి కాన్పుకని నువ్వు బస్సెక్కావు గాని, జరిగింది నీకు పూర్తిగా తెలియదు. మస్కట్‌లో మొగుళ్ళున్న ఆడవాళ్ళంతా ఎస్టీడీ బూత్‌కు పోయి మాట్లాడుకుంటారు. వినలేని, పలకలేని మన ఎస్తేరుకు బూత్ దేనికి? గిద్యోను ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించాక ఆ కంప్యూటరే దానికి గొంతయింది. శుక్రవారం అల్లుడు రాజన్నకు సెలవు. సాయంత్రం ఇది ఇక్కడ రాస్తే అతను అక్కడ చదివి జవాబు రాసేవాడు. కాని రాసిన మాట పోవడానికీ జవాబు రావడానికీ అంతులేని ఆలస్యం.

ఆ రోజు పిల్ల 'క్రిస్మస్‌కు వస్తున్నవా?' అని అడిగింది. తెర మీద ఏమీ రాలేదు. చూసి చూసి 'నన్ను మరిచినవా?' అని అడిగింది. అప్పుడొచ్చింది మొదటి ప్రశ్నకు అల్లుడి జవాబు: 'అవును.' వచ్చి రెండో ప్రశ్న కింద పడింది. పిల్ల లేచిపోయి, ఉంగరం తీసి పౌడరు డబ్బాలో పడేసింది.

గిద్యోను మస్కట్‌కు ఫోన్ చేసి సంగతి కనుక్కున్నాడు. ఎంత చెప్పినా ఎస్తేరు నమ్మలేదు. 'నడుమ మీరు చెప్తే అది నా మొగని మాట ఎట్లయితది?' అని పలక మీద రాసి చూపింది.

అప్పటినుంచి గిద్యోనుకు నిద్ర లేదు. పాత సామాను కొనే వజీర్ దగ్గర, ఏదో ఆఫీసు పారేసిన కంప్యూటర్ లోపలి ముక్కలు ఏరుకొచ్చాడు. కొత్తది కొనే స్తోమత మనకెక్కడిది? వాటిని నా పాత రేడియో చెక్కపెట్టెలో బిగించాడు. వజీర్ చూసి, "చాచా, ఇన్నేండ్లు నువ్వు ఈ పెట్టె మాట విన్నవు. ఇగ ఇది నీ మాట వింటదేమో చూద్దాం" అని ఆటపట్టించాడు.

గిద్యోను చెప్పిన వివరం ఇది. ఇంటికి ఫోన్ లైను ఒక్కటే, కంప్యూటర్లు రెండు. ముందుగదిలో ఎస్తేరు రాసేది పిడికెడు మాట. వెనకగదిలో ఎవరో పెద్ద మూట దింపుకుంటుంటే, దాన్నే డౌన్‌లోడ్ అంటారట, అది లైనంతా ఆక్రమిస్తుంది, పిడికెడు మాట దాని వెనక నిలబడిపోతుంది. ఎవరో అంటే ఎవరని అప్పుడే అడగకు, అక్కడికే వస్తున్నాను. ఈ పెట్టె లైను ముందు కూర్చుని పెద్ద మూటను కొంచెం కొంచెంగా రానిస్తుంది. చిన్నమాట రాగానే దానికి దారి వదులుతుంది.

అప్పుడు నాకేమీ తలకెక్కలేదు. వాడు మన ఉపవాస కూడిక గుర్తుచేశాడు. "బాపు, జరం తగ్గిందని ఒక్క మాట సాక్ష్యం చెప్పిపోదామని హన్మవ్వ వస్తది. నీ ప్రార్థన అయ్యేదాంక కూసుంటది. నడిమిట్ల నువ్వు జర ఆగితే నీ ప్రార్థన ఏమన్న కరాబైతదా?" అన్నాడు. నాకు మండింది. మోషే కొండ మీద ఎన్ని దినాలున్నాడో తెలుసా అని గద్దించాను. వాడు నవ్వుకుంటూ స్క్రూలు బిగించుకున్నాడు.

మొన్న పెట్టెను లైనుకు తగిలించాక నేనే ఎస్తేరును బతిమాలి కూర్చోబెట్టాను. చాలాసేపు చేతులు కట్టుకుని కూర్చుంది. చివరకు 'నన్ను మరిచినవా?' అని రాసింది. మీటల మీదినుంచి వేళ్ళు తీయకముందే 'లేదు' అని వచ్చింది. వెంటనే ఇంకొకటి: 'ఎట్ల మరుస్త?' క్రిస్మస్ సంగతి అడిగితే, 'అవును, వస్తున్న, సెలవు దొరికింది' అని. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లేచిపోయి పౌడరు డబ్బా తెచ్చి, తెర ముందే ఉంగరం తొడుక్కుంది.

సాలవ్వా, ఇంతవరకు దాచింది ఇప్పుడు రాస్తున్నాను. వెనకగదిలో మూట దింపుకున్నది నేనే.

ఇంటర్నెట్ మనుషులు గర్వంతో కట్టిన బాబెలు గోపురమని ఎల్లారెడ్డిలో బల్ల గుద్ది చెప్పినవాణ్ణి. అందులో ప్రసంగాలు కూడా దొరుకుతాయని తెలిశాక ఆగలేకపోయాను. ఉపవాస కూడిక కాగానే, ఎస్తేరు, అల్లుడి మాట కలవాలని, కాపురాల కోసం ఎవరో దైవజనుడు చేసిన పెద్ద ప్రార్థన ఒకటి సరిగ్గా వాళ్ళు మాట్లాడుకునే వేళకే దింపుకునేవాణ్ణి. జవాబులు ఆలస్యమైనకొద్దీ ఇంకొకటి దింపాను. ఫోన్ తీగ మీద చెయ్యి వేసి సాతానును గద్దించాను.

నేను ఇంట్లో లేక భిక్నూర్‌కు వెళ్ళిన ఒక శుక్రవారం గిద్యోను, అల్లుడు రాసుకుంటే జవాబులు వెంటవెంటనే వచ్చాయట. అప్పుడే వాడికి తెలిసిపోయింది. మొన్న ఉంగరం తొడిగాకగాని నాకు చెప్పలేదు. ముందే ఎందుకు ఆపమనలేదురా అంటే ఇట్లా అన్నాడు.

"బిడ్డ కోసం ప్రార్థన చేస్తుంటే ఆపమని ఎట్ల చెప్త బాపు? గందుకే డబ్బా చేసిన."

దానియేలు ప్రార్థనకు జవాబు మొదటి దినమే బయలుదేరినా, దారిలో పారసీకుల అధిపతి అడ్డుకున్నాడని ఎన్నిసార్లు ప్రసంగించాను! ఆ అధిపతి మన ఇంట్లో గొంగడి పరచుకుని మోకరించి ఉన్నాడని నాకు తెలియలేదు.

సిగ్గుపడి వెనకగది మిషన్ ఆపబోయాను. అప్పటికీ అందులో నేను పెట్టిన ప్రార్థన దిగుతూనే ఉంది. ఎస్తేరు వచ్చి నా చెయ్యి పట్టుకుని పలక మీద రాసింది: 'ఆపకు బాపు. నీది గూడ రానీ.'

గల్లీలో అన్వరి బేగం కొడుకు కూడా దుబాయిలో ఉన్నాడు, తనకూ ఒక పెట్టె కావాలంది. వజీర్ ముక్కలు వెతుకుతున్నాడు.

పాపకు రూతు అని పెట్టండి. చిన్న పేరు, తొందరగా చేరుతుంది.

ఈ పొద్దున కూడికలో ప్రార్థన నడుమ ఆగి హన్మవ్వ వైపు చూశాను. ఆమె బెదిరిపోయి, "ఏమైంది అన్నా, పానం మంచిగ లేదా?" అన్నది.

"మంచిగనే ఉన్న. ముందు నువ్వు చెప్పవ్వా" అన్నాను.

ఇట్లు,
నీ రాక కోసం కాచుకున్న పెనిమిటి,
ఎస్తేరు బాపు,
స్వామిదాసు