పేరు రాయని మనిషికి మిట్టేమరి అర ఎకరం

గుడిబండె అర్చకుల ఇంట పుట్టి, ప్రస్తుతం బాగేపల్లిలో ఒక జిరాక్స్ అంగడి మేడ మీద కాపురమూ పత్రిక కచేరీ రెండూ పెట్టుకొని ఉంటున్న లలితాంబ అనే నేను, అరవై మూడేళ్ల వయసులో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో రాసుకొన్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి ఏవైనా బయటపడితే అవి చెల్లవు. నాకు మతి చలించిందని ఒక బోర్‌వెల్ కాంట్రాక్టరు తన లాయరు నోటీసులో రెండుసార్లు రాయించాడు కాబట్టి డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను. డాక్టరు నా గుండె మీద అనుమానం రాశారు గానీ బుద్ధి మీద రాయలేదు.

దీన్ని అమలు జరిపే బాధ్యత రిటైర్డ్ హెడ్‌మాస్టరు రామచంద్రప్పగారిది. ఆయన నా ప్రతి మాటకూ అడ్డం వాదించే మనిషి. నేను పోయాక కూడా అలాగే వాదించాలని కోరుతున్నాను.

1. చెలమ ట్రస్టు. ఇది నా ఆస్తి కాదు. కాబట్టి ఎవరికీ రాయలేను, ఎవరూ ఆశపడకూడదు. ఇరవై రెండేళ్లు బెంగళూరు పత్రికలో పనిచేసి, తవ్వకుండానే తవ్వినట్టు బిల్లులు పెట్టిన బోర్ల గురించి వార్త రాసిస్తే, ఎడిటరు పదకొండు వారాల పాటు "వచ్చే వారం చూద్దాం" అన్నారు. ఆ కాంట్రాక్టరు ప్రకటన మాత్రం ప్రతి వారమూ అచ్చయింది. పన్నెండో వారం నేను రాజీనామా ఇచ్చి బాగేపల్లి బస్సెక్కాను. ఇసుకలో చేత్తో తోడుకొనే నీటిగుంటను మా వైపు చెలమ అంటారు. ఆ పేరుతోనే కొందరం కలిసి ఇక్కడ ఒక కన్నడ పత్రిక పెట్టాం. లాభం లేదు, యజమాని లేడు, ప్రకటనలు లేవు, చదివేవాళ్లు ఇచ్చే చందాలే. ఎవరి గురించి రాయాల్సి రావచ్చో వాళ్ల దగ్గర ఒక్క కాఫీ కూడా తాగకూడదు. ట్రస్టీలు ఈ నియమాన్ని సడలిస్తే ట్రస్టును మూసేయాలి. వంగి బతకడం కంటే మూతపడటం మేలు.

2. గుడిబండె ఇంటిలో నా సగభాగం చెలమకు కచేరీగా చెందుతుంది. మా అన్న యోగానందకు ఇది నచ్చదని తెలుసు. నేను ఉద్యోగం మానేసినప్పుడు, "పేపరులో ఉంటే కుర్చీ వేసి మాట్లాడుతాండిరి. ఇప్పుడు ఊరూరా తిరిగి చందాలకు తట్ట పడతావా?" అని బంధువులందరి ముందూ అడిగాడు. అన్నా, పట్టాను. తొమ్మిదేళ్లుగా పడుతూనే ఉన్నాను. సిగ్గుపడలేదు.

3. అదే అన్నకు నా పాత పత్రిక గుర్తింపు కార్డును ఫ్రేము కట్టించి ఇస్తున్నాను. ఆయనకు నాలో నచ్చింది అదొక్కటే. దానితోపాటు నా కళ్లద్దాలు మూడు జతలూ ఇవ్వాలి. మా ఇద్దరి నంబరూ ఒకటే. ఆయన తనంతట తాను కళ్ల డాక్టరు దగ్గరికి పోడు, విరిగిన జతకు దారం చుట్టుకొని తిరుగుతాడు.

4. మాజీ ఎడిటరుగారికి ఏమీ లేదు. నా చావు వార్త వేయదలిస్తే చెలమలో వచ్చాకే వేసుకోవాలి. వచ్చే వారం వేసినా నాకు అభ్యంతరం లేదు.

5. నా నోటు పుస్తకాలు యాభై ఎనిమిది. ఇవి రిపోర్టరు రక్షితకు చెందుతాయి. స్కూటరూ రికార్డరూ కూడా ఆమెకే. మాకు ఎవరెవరు ఏమేం చెప్పారో ఆ పుస్తకాల్లో ఉంది, కాంట్రాక్టరు కోర్టులో అడుగుతున్నది అవే. వాళ్ల పేర్లు ఏ పరిస్థితిలోనూ బయటికి ఇవ్వకూడదు. రక్షిత జైలుకు పోవాల్సి వస్తే రామచంద్రప్పగారు రోజూ భోజనం తీసుకెళ్లాలి.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. బోర్ల వార్తను చెలమలో మొదటగా వేసినప్పుడు, చింతామణి తాలూకాలో ఒక మనిషి తన పొలంలో లేని బోరును చేయి పెట్టి చూపించింది. నేను పేరు దాచి, "ఒంటరిగా పట్టుపురుగులు మేపుకొనే మహిళ" అని రాశాను. బెంగళూరులో నేర్చుకొన్న పద్ధతి అది. ఆ పల్లెలో అలాంటి ఇల్లు ఒకటే ఉందని నాకు తట్టలేదు. పురుగు పండినప్పుడు గూడు కట్టడానికి వెదురు చంద్రికలు కావాలి. ఏ ఇంట్లోనూ సరిపడా ఉండవు, ఒకరి పంటకు ఇంకొకరు ఇచ్చుకొంటారు. ఆ పంటకు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. నేను ఇల్లిల్లూ తిరిగి అడిగాను. కాంట్రాక్టరు మనుషులు నాకంటే ముందే తిరిగారట. చింతామణి నుంచి కొత్తవి తెచ్చేసరికి పురుగులు తట్టల్లోనే పట్టు కక్కి చచ్చిపోయాయి. తప్పు నాది. అప్పటి నుంచి మేం కన్నడంలో రాసిన ప్రతి వార్తనూ, చెప్పినవాళ్ల ఇంటికి పోయి తెలుగులో చదివి వినిపించి, వాళ్లు సరేనంటేనే వేస్తున్నాం. ఇదే రక్షితకు నేనిచ్చే అసలు ఆస్తి.

6. మిట్టేమరిలో నేను కొన్న అర ఎకరం, బావితో సహా, పై అంశంలో చెప్పిన మనిషికి చెందుతుంది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. సీలు వేసిన కవరులో రామచంద్రప్పగారి దగ్గర ఉంది.

7. ఆరో అంశాన్ని కొట్టివేస్తున్నాను. కొట్టివేసింది చదవడానికి వీలుగా ఉంచి పక్కన సంతకం పెట్టాను. కారణం ఇది. మా నియమం నా వీలునామాకూ వర్తిస్తుంది కాబట్టి నిన్న ఆమె ఇంటికి పోయి మొత్తం చదివి వినిపించాను. భూమి అనగానే ఆమె తల అడ్డంగా ఊపింది. సాక్షులు ఎవరని అడిగింది. ఒకరు దొరికారు, ఇంకొకరు కావాలని, సాక్షి సంతకం పెట్టినవాళ్లకు వీలునామాలో ఆస్తి దక్కదని చెప్పాను. "అట్లయితే భూమి వద్దు లలితమ్మా, సాక్షి నేనే. నేను చూసిందే చెప్పినా. దొంగతనం చేసినోడు పేరు బోర్డు మీద రాసుకొని తిరగతాండాడు, నేనెందుకు కవర్లో ఉండాల?" అంది. ఆమెకు ఉన్న ప్రమాదాన్ని మూడుసార్లు వివరంగా చెప్పాను. మూడుసార్లూ అదే మాట. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

కాబట్టి ఆ అర ఎకరం చెలమ ట్రస్టుకు చెందుతుంది. మాతో మాట్లాడినందుకు పంట పోగొట్టుకొన్నవాళ్లకు దాన్ని గుత్త లేకుండా సాగుకు ఇవ్వాలి. కవరును రామచంద్రప్పగారు ఈ ఉదయం నా ఎదుటే కాల్చేశారు.

బాగేపల్లి, 2025 నవంబరు 14.

(సంతకం) లలితాంబ

మా ఇద్దరి ఎదుటా లలితాంబగారు సంతకం చేయగా చూసి, ఆమె ఎదుటే మేమూ సంతకాలు చేశాం.

సాక్షి 1: అంజినప్ప, జిరాక్స్ అంగడి, బాగేపల్లి.

సాక్షి 2: అక్కయమ్మ, పట్టుపురుగుల రైతు, చౌటదిన్నెపల్లి, కెంచార్లహళ్ళి పక్క, చింతామణి తాలూకా.